సున్నం లేని పసరు

పాలకాయతిప్ప దగ్గరి ఆ పల్లెలో ఎవరికి గాయమైనా తాతమ్మ గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. జెల్లచేప ముల్లు దిగిన అరికాళ్లు, వలతాడు కోసిన అరచేతులు, గుల్లలు చీల్చిన మోకాళ్లు. ఎండుచేపలు అమ్ముకుని బతికే తాతమ్మ వైద్యానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఆకు నలిపి పసరు తీసి, గుల్లసున్నం కలిపి గాయం మీద పిండేది. మనిషి కెవ్వుమనేవాడు. కేక గాలిలో ఉండగానే గాయం అంచులు తెల్లబడేవి.

"మందు పట్టింది" అనేది తాతమ్మ. ఆ తెలుపే ఊరికి నమ్మకం.

ఆ వైద్యం అత్తగారిచ్చింది. పోయేముందు కోడలి చెవిలో ఆకు పేరు చెప్పి, పైకి పలికితే పసరులో బలం పోతుందని ఒట్టు వేయించుకుంది. అందుకే తాతమ్మ తెల్లారకముందే ఒక్కతే వెళ్లి, మంచు ఆరని ఆకు కోసుకొచ్చేది.

రెండువేల మూడులో తనూజ వచ్చింది. గుడివాడ పిల్ల, బందరులో ఫార్మసీ చదువుతోంది. పల్లెల్లో వాడే పసర్లు గాయాలను నిజంగా మాన్పుతాయో లేదో పరీక్షించడం ఆమె చదువులో భాగం.

"ఎలకలకి మత్తిచ్చి, వీపు మీద చిన్న గాయం చేస్తామండీ. కొన్నిటికి మీ పసరు రాస్తాం, కొన్నిటికి ఏమీ రాయం. ఏది ముందు మానుతుందో చూస్తాం."

"మానకపోతే?"

"మానలేదనే రాస్తానండీ."

ఆ మాట తాతమ్మకు నచ్చింది. అంతవరకూ ఆమెను పొగిడినవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు. తేల్చుకుందాం అన్నవాళ్లు లేరు.

ఒడ్డున వల బాగుచేస్తున్న మరిది సూరయ్య అది వదిలేసి లేచాడు. "మా అమ్మ మందు ఎలకలకి పూస్తావా వదినా? పేరు చెప్పావంటే పసరు చచ్చిపోద్ది!"

"పేరు చెప్తే చచ్చే మందు ఉంటే ఎంత, పోతే ఎంత?" అంది తాతమ్మ. ఒడ్డు మీద అందరూ వింటుండగా గొంతెత్తి చెప్పింది. "గడ్డిచేమంతి."

ఒడ్డంతా నవ్వులు. పిల్లలు పలకల మీద రుద్దుకునే ఆకు! దారి పొడుగునా తొక్కి నడిచే ఆకు! ఆ రోజు నుంచి తాతమ్మ పేరు ఎలకల డాక్టరమ్మ.

తడిగుడ్డలో ఆకు చుట్టుకుని, సున్నం పట్టుకుని ఆమె బందరు బస్సెక్కింది. తనూజకు చదువు చెప్పే భుజంగరావు మాస్టారు, ఆకు విడిగా, ఆకూ సున్నం కలిపి విడిగా చూడాలన్నాడు.

"సున్నం లేకపోతే అది మందే కాదండీ" అంది తాతమ్మ.

"అదీ తేలుతుందిగా తల్లీ" అన్నాడాయన.

మళ్లీ వెళ్లేసరికి తేలింది. ఉత్త పసరు రాసిన ఎలకల వీపు మీద లేత బొచ్చు నారుమడిలా మొలుస్తోంది. ఏమీ రాయనివి నెమ్మదిగా మానుతున్నాయి. సున్నం కలిపి రాసినవి అన్నిటికన్నా వెనకబడి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"మీ ఎలకలకి సముద్రం తెలీదమ్మాయ్. మళ్లీ చెయ్యండి."

మళ్లీ చేశారు. ఈసారి తాతమ్మే తన చేత్తో కలిపింది. ఫలితం మారలేదు. ఆమె ఒంగి చూసింది. పచ్చి గాయం చుట్టూ తెల్లని అంచు. ఆ తెలుపు ఆమెకు తెలుసు. మందు పట్టిందని ఇన్నేళ్లూ మురిసిపోయింది దాన్ని చూసే. కాలిన చర్మం రంగు అది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన వరిచేలు వెనక్కి జారిపోతున్నాయి. ఇన్నేళ్ల కేకలు ఒక్కొక్కటీ బస్సెక్కి ఆమె పక్కన కూర్చున్నాయి.

దిగగానే నేరుగా ఒడ్డుకు వెళ్లి చెప్పింది. "ఆకు మంచిదే. సున్నమే కాలుస్తోంది. ఇక వెయ్యను."

"మండకపోతే మందేంటే?" అన్నారు ఆడవాళ్లు. పేరు తెలిసిపోయింది కనుక ఎవరికి వాళ్లు ఆకు నలుపుకుని, సున్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. తాతమ్మ గుమ్మం ముందు నెత్తుటి మరకలు ఎండి, ఇసుక కప్పేసింది. సూరయ్య ఆమెతో మాటలు మానేశాడు.

ఆ వేటకాలంలోనే తాడు జారి అతని అరచెయ్యి చీలింది. సొంత వైద్యం మీద నమ్మకం చాలలేదేమో, చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సున్నం వెయ్యి."

"వెయ్యను."

"మా అమ్మ వేసేది."

"మీ అమ్మకి చూపించినోళ్లు లేరు. నాకు చూపించారు. చూశాక కూడా వేస్తే అది వైద్యం కాదబ్బాయ్, పగ."

"ఊరంతా నిన్నొదిలేసింది, తెలుస్తోందా?"

"వదిలెయ్యమను. నన్నొదిలేశారని మండేది కలుపుతానా? ఇష్టం లేకపోతే అవనిగడ్డ ఆసుపత్రికెళ్లు. ఇక్కడ మాత్రం ఇంతే."

సూరయ్య చెయ్యి చాపలేదు. వెనక్కీ తీసుకోలేదు. తాతమ్మే మణికట్టు పట్టుకుని, శుభ్రంగా కడిగి, పసరు పిండింది. అతను పళ్లు బిగించి, కళ్లు మూసుకుని మంట కోసం ఎదురు చూశాడు. రాలేదు.

"మండట్లేదేంటి?" అన్నాడు అనుమానంగా.

"మండదు. రేపూ రా" అంది తాతమ్మ, కట్టు బిగిస్తూ. "ఒడ్డు మీద ఎవరడిగినా, సున్నం వెయ్యలేదని గట్టిగా చెప్పు."