గోడ మీద పచ్చ

కొండల్ పేరెత్తితే మా శంషాబాద్‌లో "మురుగు మడుగు కొండలా?" అని అడిగేవారు. పని అదే మరి. ఊరి మురుగంతా రెండు మడుగుల్లో చేరి, రోజుల తరబడి ఎండకు నిలిచి, కాస్త బాగుపడ్డాక తూము ఎత్తి కింది కాలువలోకి వదలాలి. ఆ తూము కొండల్ చేతిలో ఉండేది. కాలువ పక్కనే ఐలయ్య బావి. బోరు చెడినప్పుడల్లా కొండల్ భార్య స్వరాజ్యం ఆ బావి నీళ్లే మోసుకొచ్చేది. పెళ్లయిన పదకొండేళ్లకు ఆమె నీళ్లోసుకుంది. ఆ సంతోషంలో కొండల్ మురుగు వాసన సంగతే మరిచిపోయాడు.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆ మడుగులు కట్టించిన ఇంజనీరు శివరామకృష్ణ గారు కాకినాడ వైపు మనిషి. వెళ్లేముందు నన్ను పిలిచారు.

"గోపయ్య గారూ, నీరు ఆకుపచ్చగా మారితేనే తూము ఎత్తాలండీ. నల్లగా ఉంటే ఎత్తకూడదు. ఈ ముక్క తూము పక్క గోడ మీద రాయించండి."

నేను పంచాయతీ గుమాస్తాని, పైగా నా దస్తూరీ అంటే నాకు మహా గర్వం. ఇంకొకరెందుకని నేనే రంగు డబ్బా పట్టుకెళ్లి రాశాను: "నీళ్లు పచ్చగా ఉంటే తూము ఎత్తవలెను. నల్లగా ఉంటే ఎత్తరాదు." ఆకుపచ్చ అంటే బడి పుస్తకం మాటలా అనిపించి 'ఆకు' తీసేశాను. పచ్చ అంటే ఏమిటో మనవాళ్లకు తెలియదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొండల్ ఆ రెండు ముక్కలూ కూడబలుక్కుని చదివి బట్టీ పట్టాడు. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు ముంచి వెలుతురులో చూసేవాడు. శ్రావణంలో ముసురు పట్టి పది రోజులు ఎండ మొహం కనిపించలేదు. మడుగులు నిండిపోయాయి. కొండల్ తడుచుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

"గోపన్నా, నీళ్లు పచ్చగనే ఉన్నయి. గని గీ పచ్చ ఎన్నడు జూసింది గాదు. ఎత్తాల్నా?"

నేను తల కూడా ఎత్తలేదు. "గోడ మీద ఏముందిరా?"

"పచ్చగుంటె ఎత్తుమని."

"మరి ఇంకేంది?"

వెళ్లి ఎత్తాడు.

నెల తిరగకముందే కాలువ పక్క ఇళ్లలో జ్వరాలు, వాంతులు మొదలయ్యాయి. స్వరాజ్యానికి అప్పటికి ఏడో నెల; బోరు చెడి ఆ బావి నీళ్లే తాగుతోంది. దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది.

"కండ్లు పచ్చగైనయి. కామెర్లు. ఏం నీళ్లు తాగుతున్రు?"

స్వరాజ్యం కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఆ మాట వినగానే కొండల్ నా వైపు తిరిగి చూశాడు. ఆ చెంబులో ఉన్నది ఏ పచ్చో నాకు అప్పుడు తెలిసింది. నాలుగో రోజు ఆమె పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఇంజనీరు గారు వచ్చి గోడ ముందు నిలబడ్డారు. "ఆకు ఏమైందండీ, గోపయ్య గారూ?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది. కొండల్‌ను ఎవరూ ఏమీ అనలేదు. గోడ మీద ఉన్నట్టే చేశాడు కదా అన్నారు. అది విని వాడు ఇంకా కుంగిపోయాడు.

మర్నాడు మళ్లీ రంగు డబ్బా తీసుకుని నేనే వెళ్లాను. కొండల్ వచ్చి డబ్బా అందుకుని పట్టుకున్నాడు. అందంగా ఉంటుందని మాటకూ మాటకూ మధ్య అప్పట్లో బాగా ఎడం వదిలాను. 'పచ్చ'కు ముందు 'ఆకు' ఇరుకు లేకుండా పట్టేసింది.

కొండల్ ఆ రెండక్షరాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చోటు ఉండె గదా, గోపన్నా," అన్నాడు.