విన్నీ చూసిన చేతులు

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఆ చిన్న రేవుకు ఒకే క్లినిక్, ఆ క్లినిక్‌కు ఒకే నర్సు, విన్నీ కూంబ్స్. ఎవరి మణికట్టు అందినా రెండు వేళ్ళు ఆనించి, నిండా ఒక నిమిషం కళ్ళు మూసుకుంటుంది. యంత్రం ఆ తర్వాతే. ఆ నిమిషం ఆమె కునుకు తీస్తుందని ఊళ్ళో వాళ్ళ వాదన.

"లేచావా తల్లీ?" అన్నాడు ఆంబ్రోస్ టక్, డెబ్బై దాటిన జాలరి.

"నీ గుండె నిద్రపోనిస్తేగా, ఆంబ్రోస్ బాబాయ్! తాగి గంతులేసే గొర్రెపిల్లలా ఉంది."

రెండేళ్ళుగా అతని గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అలాంటి గుండెలో నెత్తురు నిలిచి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ తలకెక్కితే పక్షవాతం. అందుకే రోజూ నెత్తురు పలచబరిచే బిళ్ళ.

"వేసుకుంటున్నావా?"

"ఒక్క రోజూ తప్పలేదు."

విన్నీ అతని చేతుల్ని వెలుతురులోకి తిప్పింది. లాబ్‌స్టర్ల, అంటే పెద్ద సముద్రపు రొయ్యల, వేట మొదలై పది రోజులు. వేళ్ళ నిండా ఎర కోసే కత్తి గాట్లు, అన్నీ సన్నగా, పొడిగా, బుద్ధిగా మానినవి. ఒక్క కమిలిన మచ్చ లేదు. చలికాలంలో ఈ చేతులే గోరు గీసుకున్నా గంటసేపు నెత్తురు ఏడ్చేవి.

"అబద్ధం నోటికి నేర్పావు గానీ బాబాయ్, చేతులకు నేర్పలేదు. వేట మొదలవగానే మానేశావు కదూ?"

ఆంబ్రోస్ కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు, అదేదో ఆదుకుంటుందన్నట్టు. "చిన్న గాటుకే పడవంతా నెత్తురు. ఎరకంటే నేనే ఎక్కువ కారుతున్నానని మా బావమరిది గార్లండ్ ఒకటే నవ్వు. రెండు నెలలేగా, వేట అయ్యాక వేసుకుందామని..."

"వేలికైతే గుడ్డ చుడతాను. తలలో గడ్డకి ఎక్కడ చుట్టను? నోట మాట పడిపోతే గార్లండ్‌కి బదులెవరు చెప్తారు?"

అతను నవ్వలేదు. టోపీని ఒళ్ళో తిప్పుతూ, "మాట నిజంగా పోతుందా?" అన్నాడు.

"పోవచ్చు."

అక్కడికక్కడే చేసిన రక్తపరీక్ష కూడా ఆమె మాటే చెప్పింది. విన్నీ డాక్టరుకు ఫోన్ చేసింది, ఈరోజే మొదలుపెట్టమన్నాడు. భార్య నమ్మకంగా జేబులో పెట్టి పంపిన బిళ్ళల సీసా తీసి, ఆంబ్రోస్ విన్నీ టీతోనే ఒకటి మింగాడు.

"గాటు పడితే గుడ్డ అదిమి పది నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడకు. ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా, పడవ వెనక్కి తిప్పు."

"మరి పని?"

"గార్లండ్‌ని చెయ్యమను. నవ్వడానికి తీరికుందిగా!"

వారం తర్వాత రేవులోంచి గార్లండ్ కేక వినిపించింది: "కొత్త చేతితొడుగులేంటి బావా, పెళ్ళికా?"

ఆంబ్రోస్ బదులు చాలా పొడుగు. ఇక్కడ రాయతగ్గది కాదు. విన్నీ కిటికీ ఇంకాస్త తెరిచి, ఒక్క బూతైనా తడబడుతుందేమోనని చివరిదాకా విన్నది. ఒక్కటీ తడబడలేదు.