ఉప్పు చూసే చెయ్యి

రంజాన్ నెల వచ్చిందంటే పొద్దున్నే నా కుడిచెయ్యి ఇప్పటికీ ఊరుకోదు. గోడ అవతల నుంచి ఎవరో పిలుస్తారని చూస్తుంది.

గోడ అవతల ఆపా ఉండేది. సాయిబుల ఇళ్లలో అక్కను అలా పిలుస్తారు. ఆమె చెల్లెలి నోట విని నేనూ అలాగే పిలిచాను. వేంపల్లె బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు అమ్మేది. నీళ్లలో నానిన బొరుగులను చేత్తో పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి కలిపిందంటే ఒక్క బొరుగైనా ముద్దయ్యేది కాదు. రోజా ఉపవాసాలున్న నెలలో మాత్రం తను వండింది తను నోట్లో వేసుకోకూడదు కదా. అందుకని ఇంట్లో ఉగ్గాణి కలిపాక, గోడ మీదుగా నా అరచేతిలో కొంచెం పెట్టేది.

"ఉప్పు చూడు చెల్లీ."

చాలకపోతే చాలలేదనేదాన్ని. సరిపోతే ఏమీ అనకుండా మళ్లీ చెయ్యి చాపేదాన్ని. మా సంఘంలో ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు, ఉపవాసం ఆపాది, ఒళ్లు చేసేది నువ్వు అని.

సంఘం అంటే మేము ఐదుగురం. వారానికొకసారి మా పంచలో చాప మీద కూర్చునేవాళ్లం. అప్పిచ్చే కంపెనీకి తాకట్టు పెట్టడానికి మాకు భూమి లేదు, బంగారం లేదు. ఒకరికి నలుగురు పూచీ, అంతే. ఆపా బండి అలా వచ్చిందే, నా మేకలు అలా వచ్చినవే. ఒకరి వారం అప్పు కంతు తగ్గితే అది కూడేదాకా ఎవరూ లేవకూడదు. తనది తగ్గిన రోజు ఆపా మిగిలిన బజ్జీలు తెచ్చి మధ్యలో పెట్టేది. అవి తింటూ, ఆమెను తిడుతూ, నవ్వుతూ కూర్చునేవాళ్లం.

బస్టాండు రోడ్డు పని మొదలైనప్పుడు బండ్లన్నీ తీయించారు. ఇంటి ముందు పెడితే కొనేవాళ్లు లేరు. ఆపా భర్తకు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ మీద పని దొరికింది. లారీల వాళ్లు తినే హోటల్లో ఆపా వంటకు కుదిరింది. వెళ్లేరోజు బండిని మా పెరట్లోకి తోసుకొచ్చి పట్ట కప్పింది. నా కళ్లు చూసి నవ్వింది.

"బండి ఈడే ఉండాది కదమ్మే. నేను యాడికి పోతా?"

ఆ మాట పట్టుకునే రోజులు వెళ్లదీశాను. ఆమె కంతు ఫోనులో వచ్చేది, ఒక్క వారం తప్పలేదు. చాప మీద ఆమె చోటు వదిలేసి కూర్చునేవాళ్లం. మేకలు బండి కింద పడుకుంటే తరిమేదాన్ని, ఆపా వస్తే వాసనంటుందని.

అప్పు తీరింది. కొత్తది కావాలంటే ఐదుగురూ ఊళ్లోనే ఉండాలన్నాడు కంపెనీ అతను. చర్చి వీధిలో ఒకామె చేరతానంది. మిగతావాళ్లకు అవసరాలు నెత్తి మీదున్నాయి. ఆపా వస్తుందని చెప్పి నేనే ఒక వారం, ఇంకో వారం అంటూ జరిపాను. చివరికి మాలో పెద్దామె అడిగేసింది.

"నీ ఆశకు కూడా మేమే పూచీ పడల్లనా?"

 ఆ సాయంత్రం ఆపాకు ఫోను చేశాను. వచ్చెయ్యమని అడుగుదామనే చేశాను. వెనక లారీల మోత. పిల్లలను అక్కడే బడిలో వేశామని, ఇంటికి నీళ్ల కొళాయి ఉందని సంతోషంగా చెప్పింది. ఇక అడగలేకపోయాను. సంఘం సంగతి మాత్రం చెప్పాను. 

"ఆయమ్మను పెట్టుకోండి చెల్లీ. బండి కూడా ఇచ్చెయ్, ఎండకు కొయ్య పగులుతాది." తర్వాత మెల్లగా అంది. "ఈడ ఉప్పు చూసేవాళ్లు శానామంది ఉండారు. మల్లా చెయ్యి చాపేవాళ్లే లేరు."

రోడ్డు పని అయ్యాక బండ్లు తిరిగి బస్టాండు చేరాయి. ఆపా బండి తీసుకున్న చర్చి వీధి ఆమె మొదటి రోజు మా పెరట్లోనే ఉగ్గాణి కలిపింది. మంచిమనిషి, చేతిలో పని ఉంది. ఆమె కలపడం ఆపగానే, నాకు తెలియకుండానే అరచెయ్యి ముందుకు పోయింది.

అప్పటికే ఆమె కొంచెం నోట్లో వేసుకుని ఉప్పు చూసుకుంది. నా చెయ్యి చూసి, ఆకలేస్తోందనుకుంది పాపం. ప్లేటు నిండా పెట్టి తెచ్చింది.

కూర్చుని తిన్నాను. ఉప్పు సరిపోయింది. ఆ మాట నన్నెవరూ అడగలేదు.