తెల్ల హెల్మెట్ పెళ్లికొడుకు

ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకున్న ప్రతివాడికీ ఒకటే రోగం. రెండేళ్లలో ఆఫీసరైపోవాలి, ఆ పై ఏడాది పటేల్‌గూడలో ఫ్లాటు కొనాలి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఇక్కడి ఊరివాళ్లం మేమేం తక్కువ తినలేదులెండి. ఉన్న చేను అమ్ముకుని, ఆ డబ్బుతో కిటికీల్లేని గదులు వరసగా కట్టి, పట్నంవాళ్లమైపోయామని మీసాలు తిప్పుతున్నాం.

మా వెనక గదిలో కిరాయికున్నవాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. నేను చేసే మందుల కంపెనీలోనే కాంట్రాక్టు కూలీ, డ్రమ్ములు దొర్లించే పని. మా దగ్గర మనిషి విలువ నెత్తిమీదే కనిపిస్తుంది. కాంట్రాక్టు వాళ్లకు పసుపు హెల్మెట్, నాలాంటి పర్మనెంటు వాళ్లకు నీలం, ఆఫీసర్లకు తెలుపు. తెల్ల హెల్మెట్ ఎదురైతే పసుపు హెల్మెట్ గోడకు అతుక్కుని దారివ్వాలి. క్యాంటీన్‌లో కూర్చునే చోటు కూడా రంగును బట్టే.

ఈ మహానుభావుడు పటాన్‌చెరు బజారులో ఒక తెల్ల హెల్మెట్ కొని, అది పెట్టుకుని ఫొటో దిగి ఊరికి పంపాడు. ఇంకేముంది, సంబంధం వచ్చింది. ఆఫీసరల్లుడి కోసం కాచుక్కూచునే మామలకు కరువా? వాడు మాత్రం ఫోనులో ఆ పిల్ల ఫొటో చూసుకుంటూ అన్నం చల్లారబెట్టుకునేవాడు.

"గిదేం పనిరా? దొరికితే ఇజ్జత్ పోతది," అన్నాను.

"పెళ్లయ్యేలోగా నిజంగానే ఆఫీసర్ని అయిపోతాను, అన్నయ్యా," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అబ్బాయిని పనిలో చూస్తానని పిల్ల తండ్రి ఒకరోజు కంపెనీ గేటు దగ్గరికే వచ్చి, ఎదుటి టీకొట్టులో కూర్చున్నాడు. భోజనాల వేళ మనవాడు సైకిల్ షెడ్డు చాటున పసుపుది దాచి, సంచిలోని తెల్లది పెట్టుకుని గేటు వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే లోపల పైపు లీకై సైరన్ మోగింది. ముక్కులు మండిపోయే వాసన.

బీహార్ నుంచి కొత్తగా వచ్చిన కూలీలు తెల్ల హెల్మెట్ చూసి వాడి చుట్టూ మూగారు. "సాబ్, కిధర్ జానా?" అని, ఎటు పోవాలో చెప్పమని చొక్కా పట్టుకున్నారు. అసలు సాబ్‌లేమో కార్లలో హారన్లు కొట్టుకుంటూ, మమ్మల్ని పక్కకు తప్పించి గేటు దాటిపోతున్నారు. వాడు కదల్లేదు. నోటికి రుమాలు కట్టుకుని ఒక్కొక్కణ్ణి భుజం పట్టి బయటికి తోశాడు. దగ్గుతూ కూలబడినవాణ్ణి వీపున వేసుకుని అందరికంటే వెనక తాను వచ్చాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచడమెందుకు? పిల్ల తండ్రి అంతా కళ్లారా చూశాడు. ఇక లగ్నం పెట్టుకోవడమే అనుకున్నాను.

సాయంత్రం పిల్ల తండ్రి, వాడుండే ఇంటి ఓనరును నేనే కదా అని, నన్ను కలవడానికి వచ్చాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఈ సంబంధం మాకొద్దండి. అబ్బాయి ఆఫీసరు కాదు."

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పాలాండీ? నిజంగా ఆఫీసరైతే ఆ కార్లలో ఎప్పుడో వెళ్లిపోయుండేవాడు."

"గంతమందిని బయటికి తెచ్చిండు. మంచోడే గద?"

"మంచోడేనండి, నేను కాదన్నానా? అంత మంచోడు ఇక్కడ పైకెలా వస్తాడో మీరే చెప్పండి."

నాకు ఒళ్లు మండింది. లేచి పొమ్మందామనుకున్నాను. పొమ్మనే ముందు ఆ మాట తప్పని తేల్చాలి కదా అని, మా కంపెనీలో పైకొచ్చిన మంచోడు ఎవరా అని ఆలోచించాను. గుమ్మం అవతల మనవాడు నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు. నాకు ఒక్కడూ గుర్తుకు రాలేదు.