నాలుగు మంచాల గ్రూపు

"మీ బావ పలాస ఎల్లడం మానేసినాడ్రా" అని అక్క ఫోన్ చేసేసరికి నేను విశాఖలో ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. వాళ్లింట్లో పలాస వెళ్లడమంటే డయాలసిస్‌కి వెళ్లడమే. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటేగాని బావ బతకడు. అప్పటికే ఒకసారి తప్పించేశాడు.

"రేపటాటలో ఇండియా గెలిత్తే ఎల్తాడట. ఓడిపోతే మరి ఎల్లడట. ఆ ఆటేటో నాకు తెల్దు. నువ్వు బేగి రా" అని అక్క ఏడ్చింది.

ఆటేమిటో నాకు తెలుసు. ఆసియా కప్ ఫుట్‌బాల్‌కి అర్హత పోటీలు. మన గ్రూపులో ఇండియా, సింగపూర్, హాంకాంగ్, బంగ్లాదేశ్. ఒక్కో జట్టు మిగతా మూడింటితో రెండేసి సార్లు ఆడాలి. పైన నిలిచిన ఒక్క జట్టే కప్‌కి వెళ్తుంది. మనవాళ్లు మూడు ఆటలాడి ఒక్కటీ గెలవలేదు. మర్నాడు రాత్రి ఏడున్నరకి గోవాలో సింగపూర్‌తో ఆట. అదీ ఓడితే ఇక ఆశ లేదు. ఇలాంటి జట్టుకి ప్రాణం ముడిపెట్టుకున్న మనిషిని తలుచుకుంటే నాకు జాలి కన్నా ముందు ఒళ్లు మండింది.

పొద్దున్నే పలాస బస్సెక్కాను. శ్రీకాకుళంలో ఇడ్లీ తిన్నాను, బాగాలేదు. నరసన్నపేట దాటాక వాన పట్టుకుంది. టెక్కలిలో బస్సు కాసేపు ఆగింది. అక్కడ ఎక్కిన ఓ పెద్దాయన, నందిగాం జీడిరైతు, నా పక్కన కూర్చుని ఎక్కడికని అడిగాడు. ఆట చూడ్డానికి బావ వాళ్లింటికని చెప్పాను.

"కిరికెట్టేటి?"

"కాదండీ, ఫుట్‌బాల్."

"ఓడిపోడం సూడ్డానికి ఇంత దూరం ఎల్తన్నావేటి బాబూ!" అని నవ్వాడు. బావ వాళ్ల ఊరి పేరు చెప్పగానే నవ్వు ఆపేశాడు. ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో ఉండే ఉద్దానంలో ఎవరింటికి వెళ్తున్నా, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడగడం అక్కడి వాళ్లకి అలవాటైపోయింది. నందిగాంలో దిగుతూ, "మీ బావకి నయమవాల" అని మాత్రం అన్నాడు.

ఈ దారిన వచ్చేవాళ్లు పలాసకి ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో దిగాలి. కాల్చిన జీడిపిక్కల ఘాటు ముక్కుకి తగిలిందంటే వచ్చేసినట్టే. బావ వాళ్ల ఊరున్న వజ్రపుకొత్తూరు వైపు షేర్ ఆటోలు నిండితేగాని కదలవు, చీకటి పడితే దొరకవు. నా ఆటోలో మనుషుల కాళ్ల మధ్య తాగునీళ్ల టిన్నులు. కొబ్బరితోటల్లో దారంతా బురద.

బావ గడపలో కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. నన్ను చూడగానే కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి, నేను తాగుతుంటే గుటకలు లెక్కపెడుతున్నట్టు చూశాడు. సొంత తోట కాయే అయినా తనకి కొబ్బరినీళ్లు పనికిరావు, మంచినీళ్లయినా కొలిచి తాగాలి. తాగకపోతే నొచ్చుకుంటాడని తాగాను.

"ఏటి బావా ఈ పంతం?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. పలాసలో బావ వంతుకి నాలుగు మంచాలు వరసగా ఉంటాయి. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కదా, పొద్దు పోవడానికి ఈ నలుగురూ గ్రూపులోని నాలుగు జట్లకీ చీటీలు వేసుకున్నారు. ఇండియా బావకి వచ్చింది. సింగపూర్ భావనపాడు వైపు చేపల వేటకెళ్లే అప్పన్నకి, బంగ్లాదేశ్ టెక్కలి పంతులుగారికి, హాంకాంగ్ కవిటి నుంచి వచ్చే ఓ వాచ్‌మన్‌కి. పందెం ఏమీ లేదు. ఓడినవాణ్ణి గెలిచినవాడు నాలుగు గంటలూ ఏడిపించడమే.

"కిందటి వారం హాంకాంగు పేనం ఒగ్గీసినాడు. ఆ మంచం ఖాళీగా సూళ్లేకపోయినాను" అన్నాడు బావ. "మా గ్రూపులోంచి ఒక్కడే కదా ముందుకెల్తాడు. అది మనోళ్లే అయితే, నాకూ ఇంకొన్నాళ్లుందని అనుకుంతాను."

బావ ఒకప్పుడు టెక్కలి మైదానంలో పేరున్న గోల్‌కీపర్. మనసులో అలాంటి లెక్క వేసుకున్నాక ఆయన్ని మాటలతో కదపలేమని నాకు తెలుసు.

ఆట ఫోన్‌లో చూశాం. వానకి సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మొదట్లోనే మనవాళ్లు గోల్ కొట్టారు. బావ లేచి నిలబడబోయి నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ బంతాట చూడని అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "అయిపోయిందా? రేపు ఎల్తావా?" అంది. ఇంకా బోలెడు ఆట ఉందని చెప్తే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. సగం ఆట ముగుస్తుందనగా సింగపూర్ సమం చేసింది. విరామం తరవాత ఇంకొకటి కొట్టింది. ఆ తరవాత అక్క ఫోన్ వైపు చూడలేదు, బావ ముఖం వైపే చూసింది. ఆట అలాగే అయిపోయింది, ఓడిపోయాం. ఆ పదకొండు మందినీ నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది నాకు.

అంతలో బావ ఫోన్ మోగింది. స్పీకర్‌లో అప్పన్న గొంతు.

"ఏటి ఇండియా! సూసినావా మావోళ్ల దెబ్బ?"

"సూసినాన్లే. నా పనయిపోనాది, ఒగ్గీ."

"అయిపోడమేటి? నీకింకా రెండాటలున్నాయి. పంతులుగారితో ఒకటి, హాంకాంగుతో ఒకటి. రేపు మంచమ్మీద అగుపడకపోతే ఆడకండానే ఒగ్గీసినావు, వాకోవరని అందరికీ సెప్పేత్తాను."

బావ ఫోన్ పెట్టేశాడు. "ఓడితే ఓడినాను గానీ, నానెప్పుడూ వాకోవర్ ఇవ్వలేదు" అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. పొద్దున నేను లేచేసరికి చొక్కా వేసుకుని ఆటో కోసం చూస్తున్నాడు. అక్క వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

పలాస ఆస్పత్రిలో నన్ను గుమ్మం దాకానే రానిచ్చారు. హాంకాంగు మంచం మీద ఎవరో కొత్త మనిషి. జీడి బట్టీలో పనిచేస్తాడట, ఇదే మొదటిసారట. చేతికి సూది గుచ్చుతుంటే గట్టిగా కళ్లు మూసుకున్నాడు. బావ తన మంచం ఎక్కుతూ అతన్ని పలకరించాడు.

"తమ్ముడూ, ఈ మంచమెక్కినావు కాబట్టి నీది హాంకాంగు జట్టు. మన గ్రూపుకి ఆఖరాట నీకూ నాకూనే, మార్చిలో. ఉంతావా?"

అతనికి ఏమీ అర్థమైనట్టు లేదు. అయినా కళ్లు తెరిచి, "ఉంతానన్నా" అన్నాడు. అప్పన్న అటు నుంచి చప్పట్లు కొట్టబోయి, చేతికి గొట్టాలున్నాయని నర్సు కసిరితే మానేశాడు.

బావ నన్ను చూసి, "మార్చికి రా. ఓడిపోనోళ్ల ఆట సూడ్డానికి ఎవులూ రారు. నువ్వు రా" అన్నాడు.

వస్తానన్నాను. మధ్యాహ్నం రైలుకి స్టేషన్ చేరి, టికెట్ తీసుకుంటూ మార్చిలో పలాస రావడానికి కూడా ఒకటి కావాలని కౌంటర్లో అడిగాను.

"అంత ముందు ఇవ్వం సార్. రెండు నెల్ల ముందే. ఇంకా అక్టోబరే కదా, ఇప్పట్నుంచే తొందరేటి?" అన్నాడు ఆయన.

రైలు కదిలి పూండి, నౌపడ దాటింది. ఉద్దానం చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, కిటికీలోంచి చూసేవాళ్లెవరికీ లోపలి సంగతి తెలియదు. ఈసారి ఆ పచ్చదనం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మార్చి టికెట్లు తెరిచిన రోజునే కొనేస్తాను. బావ మంచం మీదా, హాంకాంగు మంచం మీదా అప్పటికి ఎవరు పడుకుని ఉన్నా సరే, ఆట మాత్రం బావ ఇంటి గడపలోనే కూర్చుని చూస్తాను.