ఆయన అనని మాట

హైస్కూల్లో ఉండగా స్కూలు పేపర్లో నా పేరుతో అచ్చయిన ఒక పేజీ మొత్తం నేను కల్పించి రాసిందేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఏదీ దాచని నా డైరీలో కూడా రాసుకోలేదు. పోయిన మంగళవారం ఇప్పుడు నేనుండే ఊరు క్యారీలో ఆఫీసు నుంచి వచ్చి కార్ ఆపుతుండగా, నేను పెరిగిన ఊరు ఫ్రిస్కోలో మాతో పాటు తెలుగు చర్చికి వచ్చే ఆంటీ వాళ్ళబ్బాయి ఎన్నో ఏళ్ళ తరవాత ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారు చనిపోయారని, ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, తన కాపీ ఎప్పుడో పోయిందని చెప్పి, ఆ పాత పేజీ నా దగ్గర ఉందా అని అడిగాడు. "నాన్న నా గురించి అందరి ముందు చెప్పింది అదొక్కటే. అక్కడ చదువుదామని" అన్నాడు, తెలుగు మాటలు వెతుక్కుంటూ.

ఆ వైపు పెరిగినవాళ్ళకు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. చాలా ఏళ్ళ తరవాత మా స్కూలు జట్టు, ఓడితే ఇంటికి పోవలసిన ప్లేఆఫ్స్‌లో రెండో రౌండుకు వచ్చిన ఆ నవంబరులో దుకాణాల అద్దాల నిండా ఆకుపచ్చ రంగుతో గెలుపు రాతలే, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నా అదే మాట. జట్టులో ఒకే ఒక్క తెలుగు పిల్లవాడు ఆంటీ వాళ్ళబ్బాయి, అతని పనల్లా బంతిని గోలు కర్రల మధ్య నుంచి తన్నడం. ఒక్క తన్ను కోసం మూడు గంటలు బెంచీ మీద కూర్చోవాలా, అదే క్రికెట్ అయితే మేమూ వచ్చి ఈలలు వేసేవాళ్ళం కదరా అని చర్చి భోజనాల దగ్గర అంకుల్స్ అతన్ని ఆటపట్టించేవారు. నేను అంకుల్ అని పిలిచే వాళ్ళ నాన్నగారు మాత్రం నవ్వేవారు కాదు. ఆయన ఉద్యోగం పక్క రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో, ఒక పెద్ద దుకాణాల కంపెనీ ఆఫీసులో. రెండు వారాలకోసారి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని ఇంటికి వచ్చి, మోకాలు విరిగితే ఏం చేస్తావు, కాలేజీ అప్లికేషన్లు ఎంతవరకు వచ్చాయి అని అడిగేవారు, కొడుకు గదిలోకి వెళ్ళిపోయేవాడు. కొడుకు ఆట ఆయన అప్పటికి ఒక్కటీ చూడలేదు.

స్కూలు పేపర్ బాధ్యత చూసే టీచరు నాకప్పగించిన పని చిన్నదే, ఆటకు ముందు ఐదుగురు అభిమానులను కలిసి వాళ్ళేం ఆశిస్తున్నారో రెండు మూడు వాక్యాల్లో రాయడం. పుస్తకాల్లోని మనుషులతో ఎన్ని రోజులైనా గడపగలను గాని, ఎదురుగా నిలబడ్డ మనిషిని పలకరించాలంటే వెనక్కి తిరిగిపోయే రకాన్ని నేను. అడగవలసిన ప్రశ్నను డైరీలో పదకొండు రకాలుగా రాసి చూసుకున్నాను. మంగలి షాపు దాకా వెళ్ళి, అద్దంలోంచి చూసి, తిరిగొచ్చాను. ఆదివారం చర్చి అయ్యాక అంకుల్ బెంటన్‌విల్‌కి బయలుదేరుతూ కార్‌లో బ్యాగు పెట్టుకుంటుంటే నోట్‌బుక్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఏమ్మా, ఏమన్నా కావాలా అని ఆయనే అడిగారు. ఏం లేదంకుల్ అని వచ్చేశాను.

ఆ సాయంత్రం ఐదుగురి మాటలూ నేనే రాశాను. మంగలి రెండు టచ్‌డౌన్ల తేడాతో గెలుస్తామన్నాడు, కుక్కను తిప్పే ముసలాయన ఈ ఏడు మనదేనన్నాడు. అభిమానుల ఆశలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఐదోది అంకుల్ పేరు మీద రాశాను: "ఎంత పని ఉన్నా శుక్రవారం వస్తాను. మావాడు గెలిపిస్తాడో లేదో నాకు తెలియదు. వాడు తన్నేటప్పుడు నేను అక్కడ ఉండాలి." మా ఇంట్లో నేను వినాలనుకున్న మాటే బహుశా అలా వచ్చిందేమో.

బుధవారం పేపర్ వచ్చింది. ఆ అబ్బాయి పేజీ చింపి నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకోవడం లాకర్ల దగ్గర నా కళ్ళతో చూశాను. చూసి, పుస్తకాలు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.

శుక్రవారం స్టాండ్స్‌లో ఆంటీ అంకుల్ కోసం తన పక్క సీటు మీద చలి జాకెట్ పరిచి ఉంచారు. ఫోన్ ఎత్తడం లేదు, డ్రైవింగ్‌లో ఉండుంటారు, మనకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నారేమో అని నాతో అన్నారు. పండగ అమ్మకాల ముందు వారం కావడంతో అంకుల్ బెంటన్‌విల్‌లో ఆఫీసు వదలలేని డ్యూటీలో ఉన్నారు. అబ్బాయి ప్రతి తన్నుకు ముందూ తలెత్తి మా వరస వైపు చూశాడు. ఆఖరి నిమిషంలో అతను తన్నిన బంతితోనే మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. ఊరు కోరుకున్నది ఊరికి దక్కింది, డ్రమ్ములు మోగాయి, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు, జట్టువాళ్ళు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు, అతను మాత్రం మెడ తిప్పి ఆ జాకెట్ వైపే చూస్తున్నాడు.

తరవాతి వారం మా జట్టు ఓడిపోయింది, ఊరు దాన్నీ మరిచిపోయింది. అంకుల్ మళ్ళీ ఇంటికి వచ్చినప్పుడు కొడుకు ఆ పేజీ తెచ్చి ఆయన ముందు పెట్టాడట. ఆయన రెండుసార్లు చదువుకుని, అన్నాన్రా, రాలేకపోయాను అన్నారట. చర్చి వంటగదిలో ఆంటీ ఈ సంగతి మా అమ్మతో చెబుతుంటే ప్లేట్లు తుడుస్తున్న తువ్వాలు అక్కడే పడేసి పార్కింగ్‌లోకి పరుగెత్తాను.

ఆ వేసవిలో అబ్బాయి దూరపు కాలేజీకి, ఆంటీ బెంటన్‌విల్‌కి వెళ్ళిపోయారు. తండ్రీకొడుకులు పండగలకు తప్ప మాట్లాడుకునేవారు కారని అమ్మ చెప్పేది. ఇప్పుడా స్కూల్లో పేపర్ అచ్చువేయడం లేదట, ఎవరేమన్నా ఆ క్షణంలోనే అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది, ఒక మాటను మడతపెట్టి జేబులో దాచుకునే రోజులు పోయాయి. పేజీ నా పాత డైరీలోనే ఉంది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. చివరికి ఫోటో ఒక్కటే పంపాను. ఈ ఆదివారం అతను దాన్ని లేచి చదువుతాడు, ఆంటీ వింటారు.

తువ్వాలు పడేసి పరుగెత్తిన ఆ రోజు పార్కింగ్‌లో కార్ కదలబోతూ ఆగింది, అంకుల్ అద్దం దించారు. నేను ఏడుపు మింగుకుంటూ మొదలుపెట్టిన వాక్యం పూర్తి కాలేదు, ఆయనకు దాని అవసరమూ లేకపోయింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, నా వైపు కాకుండా ఎదురుగా చూస్తూ, ఆయన నాతో అన్న ఆఖరి మాట ఇది: "వాడికి చెప్పకమ్మా. నాన్న అసలు అనలేదని తెలియడం కన్నా, అని కూడా రాలేదనుకోవడమే వాడికి నయం."