వేపాకు బలపాలు

నేను చేసిన తెలివితక్కువ పనుల మీద కేసులు పెడితే కర్నూలు జిల్లా కోర్టులు చాలవు. వాటిల్లో పెద్ద కేసు ఇది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మధ్యలో ఏడుపొస్తే మాత్రం నన్ను తిట్టద్దండి, నేనప్పుడే బాగా తిట్టుకున్నా.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో బడి నాది. హెడ్మాస్టరు నేనే, పాఠం చెప్పే అయివారు నేనే, గంట కొట్టేదీ నేనే. చేతిలో బెత్తం ఉంటే నాకు నేనే పోలీసు అధికారి మాదిరి కనపడేవాణ్ణి. నా బిడ్డ సలోమి అదే బడిలో రెండో తరగతి, ముందు వరసలో కూచునేది.

ఆ ఏడు బడిలో బలపాలు మాయమైపోతా వచ్చినాయి.

"సార్, నా బలపం పోయింది!"

"ఓబులేసే తీసినాడు సార్!"

"యాడ తీసినా సార్, దేవుని మీద ఒట్టు!"

పొద్దున కొత్త బలపం తెచ్చిన పిల్లోడు మధ్యాహ్నానికి పలక మీద వేలితో గీస్తాంటాడు. ఆఖరికి ఒక ఆడపిల్ల వచ్చి మెల్లగా చెప్పింది: "ఎవురో తింటాండారు సార్. గోడ కాడ పొడి పడిండాది."

తినడమా! అప్పుడు నా బుర్ర పని చేసింది. అది పని చేసిన పొద్దల్లా ఊరికి అరిష్టమే. బిడ్డకు పాలు మాన్పించాలంటే మన తల్లులు ఏం చేస్తారు? రొమ్ముకు వేపాకు పూస్తారు. ఒక్కసారి చేదు తగిలితే బిడ్డ మళ్లా ఆ పక్కకు రాదు. బలపానికైనా అదే మందు అనుకుంటి. వేపాకు ఉడకబెట్టి, అంగట్లో తెచ్చిన బలపాలన్నీ ఆ రసంలో నానేసి, మిద్దె మీద ఎండబెడ్తి. మరుసటి రోజు అందరికీ పంచి, మీసం దువ్వుకుంటా కుర్చీలో కూచుంటి. మొగం చిట్లించినోడే దొంగ!

ఒక్క సంగతి మర్చిపోతి. బలపం మొన నాలిక మీద తడి చేసుకోకుండా రాసే పిల్లోడు మన సీమలో పుట్టలేదు. నేనూ అట్లే రాసినోణ్ణే.

"థూ!"

"అమ్మా, చేదు!"

"సార్, వీడు వాంతి చేసుకుంటాండాడు!"

సగం మంది నీళ్లకుండ మీద పడినారు. కుండ పగిలింది. బడి బడంతా దొంగలే! నాకు ఒళ్లు మండి, అందరికంటే ఎక్కువ ఉమ్మేసిన ఓబులేసును పట్టుకొని నాలుగు వాయించినా. ఆ గోలలో ఒక్కతే కదలకుండా, మొగం చిట్లించకుండా కూచోనుంది. సలోమి.

బిడ్డను ఎత్తి కుర్చీ మీద నిలబెడ్తి. "చూడండ్రా, బుద్ధి అంటే ఇదీ! నా బిడ్డ బలపం నోట్లో పెట్టేది కాదు!"

అది కండ్లు వాల్చుకొని నిలబడింది. వినయం అనుకుంటి నేను.

నా పెండ్లాం ఎస్తేరు అప్పటికే ఎన్నోసార్లు చెప్పింది. "బిడ్డ పాలిపోతాంది, చూడయ్యా. నాలుగు మెట్లెక్కితే రొప్పుతాంది."

"పాలిపోవడం గాదే, తెల్లబడ్తాంది. మా అమ్మ రంగు వస్తాంది," అని మురిసిపోతాంటి. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, రోగాన్ని చూసి అందం అనుకున్న కాకిని నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రం నేను ఇంట్లో నా గొప్ప చెప్పుకుంటాంటే, ఎస్తేరు బిడ్డకు లంగా మారుస్తాంది. బొడ్లోంచి బలపం ముక్కలు రాలినాయి. అన్నీ కొరికినవే. ఎస్తేరు ఒక ముక్క నాలికకు తగిలించుకొని ఉమ్మేసింది.

"ఇంత చేదు ఎట్ల తిన్న్యావే?"

"తినకుండా ఉండలేకపోతాండామ్మా," అని సలోమి ఏడ్సింది.

"ఏమయ్యా, కుర్చీ ఎక్కించి చూపిచ్చింది ఈ దొంగనేనా?" అంది ఎస్తేరు. నేను వంగి ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరుకుంటి.

తెల్లారి మొదటి బస్సుకే నంద్యాల ఆసుపత్రికి పోయినాం. డాక్టరమ్మ బిడ్డ కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్లుంది.

"ఈ బిడ్డకు రక్తం యాడుందప్పా? ఇనుము చాలక ఇట్లయింది. కడుపులో పురుగులు కూడా ఉండచ్చు. ఇట్లాంటి పిల్లోళ్లే మన్నూ బలపాలూ తింటారు. అది దొంగబుద్ధి కాదు, జబ్బు. ఇంకొన్నాళ్లు చూడకుండా ఉండింటే గుండెకు వచ్చేది." బిడ్డ తల నిమిరి అడిగింది, "ఎప్పట్నుంచి తింటాండావమ్మా?"

సలోమి నా పక్క చూసి నోరు మూసుకుంది.

"మీరు కొంచెం బయట నిలబడండి సార్," అంది డాక్టరమ్మ.

బయట నిలబడ్తి. గుడ్డ తెర వెనక మాటలన్నీ వినపడ్తానే ఉన్నాయి.

"మీ నాయనకు చెప్పింటే ఎప్పుడో తీసుకొచ్చేటోడు కదా తల్లీ?"

"చెప్తే కొడ్తాడు. ఓబులేసును కొట్టినాడు. వాడు తిన్లేదు, నేనే తిన్న్యా."

"కన్నబిడ్డను ఊరికే కొడ్తాడా? నాయన కదమ్మా!"

"నాయన కాదు. సారు."

నేను అక్కడే గోడకు ఆనుకొని చిన్నపిల్లోని మాదిరి ఏడ్సినా. ఆసుపత్రి ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, "ఎవురన్నా పోయినారా అన్నా?" అని అడిగింది.

పురుగుల మందు ఏసినాం, ఇనుము మాత్రలు మింగిచ్చినాం. ఎస్తేరు సంగట్లోకి దినామూ ఆకుకూరే. పంతులు కొలువు చేస్తా నేను చూడని రోగాన్ని ఆమె ముందే చూసింది కాబట్టి, ఆమె ఏది పెడితే అది నేనూ మాట్లాడకుండా తిన్న్యా. ఓబులేసును అందరి ముందర పిలిచి తప్పయిందని చెప్తి. వాడు నన్ను నమ్మలేదు, బెత్తం పక్కే చూస్తా నిలబడినాడు. నెలలు గడిచినాక సలోమి రెప్పలో ఎరుపు తిరిగింది. ఒక పొద్దు వీధిలో పిల్లోళ్లతో కలిసి పరిగెత్తింది. రొప్పలేదు.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బైబిలు మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకొని ఒట్టేస్తి: "ఈ జన్మలో మళ్లా దొంగను పట్టను. పట్టాల్సి వస్తే ముందు వాని కంటిరెప్ప లాగి చూస్తా. ఇంట్లో మాత్రం నేను ఇక నాయననే, సారును కాను. సరేనా తల్లీ?"

ఎస్తేరు "ఆమేన్" అంది.

సలోమి చేతులు కట్టుకొని లేచి నిలబడింది.

"సరే సార్," అంది.